పేర్ల కంటే ముందు, పేర్లు పెట్టేవాళ్లను కల్పించుకోండి

ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలిసే నది, ఆ డెల్టాలో ఒక రాజ్యం, అక్కడివాళ్లకి మీరే అల్లిన భాష. నవల సగం అయ్యాక పాత్రల పేర్లు ఒకదానికొకటి పొసగడం లేదని అడిగారు. నాయకుడు జైథ్రాక్స్, రాణి ఎల్మీరియా, సేనాపతి విక్రాంతవర్మ, పడవ నడిపే కుర్రాడు కోరు. వీళ్లంతా ఒకే గడ్డ మీద పుట్టినట్టు వినిపించాలంటే ఏ నియమాలు పెట్టుకోవాలి, పుస్తకం చివర పేర్ల పట్టిక ఇవ్వాలా అన్నది మీ ప్రశ్న. మీది రాజోలు అన్నారు. అందుకని ఉదాహరణలన్నీ మన గోదావరి నుంచే ఇస్తాను. మీకు కావలసిన సరుకు చాలావరకు మీ ఊళ్లోనే ఉంది.

నేను చాలాకాలంగా ఇలాంటి కథల ప్రతులు చదివి దిద్దుతున్నాను. పేర్లు కుదరని ప్రతుల్లో లోపం దాదాపు ఎప్పుడూ ఒకటే. రచయిత పేర్లను ఒక్కొక్కటిగా, వినడానికి బాగుందా లేదా అని చూసి పెట్టుకుంటూ పోతాడు. నిజజీవితంలో పేరు అలా పుట్టదు. ఎవరో ఒకరు పెడతారు, ఒక సమయంలో పెడతారు, ఒక కారణంతో పెడతారు. కొందరు ఆ పేరుతో పిలవగలరు, కొందరు పిలవకూడదు. ఈ నాలుగూ మీ రాజ్యానికి తేల్చుకుంటే పేర్లు వాటంతట అవే వరస కడతాయి. భాష ధ్వనులు ఆ తర్వాతి సంగతి. అయినా ధ్వనుల గురించే ముందు చెప్తాను, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది.

ఒక భాష ఇంకో భాషలా కాకుండా వినిపించేది అందులో ఉన్న శబ్దాల వల్ల కంటే, అందులో లేని శబ్దాల వల్ల. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ తాను కల్పించిన భాషల్లో క్వెన్యాకి ఫిన్నిష్‌ని, సిందరిన్‌కి వెల్ష్‌ని ఆదర్శంగా పెట్టుకున్నాడు. మాటలకంటే ముందు ఆ భాషల కట్టుబాట్లు ఆయన్ని పట్టుకున్నాయి. క్వెన్యాలో మాట అచ్చుతో ముగియాలి, లేదా న, ర, ల, స, త లాంటి కొద్ది హల్లులతో ముగియాలి. ఆ ఒక్క కంచె వల్లే వంద పేర్లు పక్కపక్కన పెట్టినా ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. మీరు కూడా ముందు తీసివేతలు చేయండి. ఉదాహరణకి మీ డెల్టా భాషలో టవర్గం లేదనుకోండి. చ, జ, బ, హ లేవు. ఒత్తక్షరాలు, అంటే ఖ, ఘ, థ, ధ, భ లాంటివి అసలు లేవు. ఐ, ఔ లేవు. ర మాట మొదట రాదు. జంట హల్లులంటే ద్విత్వాలు, సున్నాతో వచ్చేవి మాత్రమే. ఇంత చేస్తే చాలు, టవర్గం మాయమవగానే అది తెలుగు కాదని చదివేవాడి చెవికి తెలిసిపోతుంది, అలాగని పలకడానికి కష్టమూ ఉండదు.

ఇక్కడ ఇంగ్లీషులో రాసేవాళ్లకి లేని ఇబ్బంది ఒకటి మనకుంది. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మీ భాష కల్పితమే గానీ మీ నవల తెలుగు. ప్రతి పేరూ తెలుగు విభక్తి తగిలించుకుని నడవాలి. జైథ్రాక్స్‌ని, జైథ్రాక్స్‌కి, జైథ్రాక్స్‌తో, జైథ్రాక్స్ అన్నాడు. నాలుగు వందల పేజీలు ఇలా చదివితే నోరు తిరగని చోటల్లా పాఠకుడు పేరు దాటేసి ముందుకెళ్తాడు. మన నోరు హల్లుతో ముగిసిన ప్రతి మాటకీ ఉకారం తగిలిస్తుంది. బస్సు, కారు, రైలు. జైథ్రాక్స్ కూడా రెండో అధ్యాయానికి జైత్రాక్సు అయిపోతాడు. కాబట్టి ముఖ్యపాత్రల పేర్లు అచ్చుతోనే ముగించండి. అయితే ఏ అచ్చు అన్నది మీ చేతిలో ఉంది. మన మనుషుల పేర్లు అ, ఇ, ఉ, అం మీద ముగుస్తాయి. ఎ మీదా ఓ మీదా ముగిసేవి అరుదు. అందుకని మీ భాషలో మనుషుల పేర్లన్నీ ఎ లేదా ఓ మీద ముగుస్తాయని పెట్టుకోండి. నేవెలో, లోమురె. నేవెలోకి, లోమురెని, లోమురెతో అంటే నాలుకకి అడ్డం లేదు, అయినా మన ఊరి పేర్లలా లేవు.

లింగం సంగతి కూడా మనకి భాషే తేలిక చేసింది. నేవెలో వచ్చాడు, లోమురె వచ్చింది అనగానే తెలిసిపోతుంది. అందువల్ల ఆడపేర్లకి ఒక తోక, మగపేర్లకి ఒక తోక పెట్టాల్సిన పనిలేదు. ఒకే పేరు ఇద్దరికీ ఉండే సమాజాన్ని కూడా హాయిగా రాయవచ్చు. కానీ వాడు, అతను, ఆయన, అది, ఆవిడ అన్న మెట్లు మాత్రం ప్రతి వాక్యంలోనూ ఎదురవుతాయి. పడవ కుర్రాడు అధ్యాయం ఒకటిలో వాడు, పదిహేనులో అతను, చివర్లో ఆయన అవుతాడా? అది కూడా పేరు పెట్టే పద్ధతిలో భాగమే. ముందే నిర్ణయించుకోండి.

ఇంకో పరీక్ష. ప్రతి పేరునీ విభక్తులతో, సంబోధనతో పైకి చదవండి. పేనెల్ అన్న యువరాజుని ప్రతిలో చూశాను. కాగితం మీద బాగానే ఉంది, పైకి చదివితే తలలో పేనే గుర్తొచ్చింది. కంపోర్, గజ్జిరో లాంటివీ అంతే. మీరు చూపు మీద రాస్తారు, పాఠకుడు చెవితో చదువుతాడు. సంబోధన ఇంకా ముఖ్యం. డెల్టా అంటే ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదవాణ్ణి పిలిచే చోటు. రేవులో పంటు కోసం ఎదురుచూసేవాళ్లు ఆవలికి ఎలా కేకేస్తారో మీకు తెలుసు. హల్లులన్నీ గాలికి పోతాయి, చివరి అచ్చు సాగి సాగి వినిపిస్తుంది. సత్తిబాబూ... అని. మీ నీటి మనుషుల పేర్లు కూడా కేక వేయడానికి వీలుగా ఉండాలి. నేవెలోఓ అని సాగదీయవచ్చు. జైథ్రాక్స్‌ని గోదావరి అవతల నుంచి పిలవలేరు.

ఇక అసలు విషయం, పేరు కట్టుబడి. కల్పిత రాజ్యాల్లో ఇంటిపేర్లు అలంకారం కోసం తగిలిస్తుంటారు. మన ఇంటిపేరు ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడండి. వక్కలంక, పాలగుమ్మి, ముక్కామల ఊళ్లు, ఇంటిపేర్లు కూడా. కొన్ని ఊళ్ల పేర్లు ఇంటిపేరు అయ్యేటప్పుడు కొంచెం మారతాయి. నేదునూరు నేదునూరి అవుతుంది. పుల్లేటికుర్రు పుల్లేటికుర్తి అవుతుంది. పాడుతో ముగిసేవి పాటి అవుతాయి. ఊరు ఊరి, ఏరు ఏటి, నుయ్యి నూతి అయినట్టే ఇదీ. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాలకి ఔపవిభక్తికాలని పేరు పెట్టిన సంగతి బడిలో చదువుకునే ఉంటారు. అంటే ఇంటిపేరు అన్నది వ్యాకరణం ప్రకారం ‘ఫలానా ఊరి’ అన్న అర్థంలో ఉన్న మాట. ఇంత చిన్న యంత్రం ఎంత పని చేస్తుందో చూడండి. పుల్లేటికుర్తివారు ఎన్ని తరాల కింద ఊరు వదిలినా, వాళ్ల పేరు ముందు ఆ ఊరు నడుస్తూనే ఉంటుంది.

ఇదే మీ భాషలో పెట్టండి, మాటలు మాత్రం మీవి. లంకకి మీ మాట కేన అనుకుందాం, నదీపాయకి ఓమి. ఓవికేన ఒక లంక ఊరు, లూరోమి పాయ ఒడ్డు ఊరు. ఇంటిపేరు అయ్యేటప్పుడు కేన కెంద అవుతుంది, ఓమి ఓంత అవుతుంది. ఓవికెంద నేవెలో, లూరోంత లోమురె. ఈ నియమం పుస్తకంలో ఎక్కడా వివరించకండి. మొదటి అధ్యాయంలో ఓవికెంద నేవెలో అని పరిచయం చేసి, తొమ్మిదో అధ్యాయంలో వరదకి మునిగిన ఓవికేన దగ్గరికి పడవ తీసుకెళ్లండి. ఆ ఊరు ఎవరిదో చదివేవాడికి మీరు చెప్పక్కర్లేదు.

ఊరి పేర్ల చివర్లు కూడా అలాగే కట్టండి. మన దగ్గర లంక అంటే నది మధ్య దిబ్బ, మెరక అంటే ఎత్తు నేల, పర్రు అంటే నీరు నిలిచే పల్లపు నేల, పాలెం అంటే కొత్తగా వెలిసిన వాడ. కుర్రు ఉన్న ఊళ్లు కోనసీమలోనే గంగలకుర్రు, పల్లంకుర్రు, బోడసకుర్రు, పుల్లేటికుర్రు ఇన్ని ఉన్నాయి. గుప్తం మీద ఉప్పలగుప్తం, శంకరగుప్తం ఉన్నాయి. ఇలా నాలుగైదు చివర్లు చాలు, మొత్తం పటం నిండుతుంది. మెరక ఊరివాడికీ లంక ఊరివాడికీ వరద ఒకేలా రాదు. పొలం విలువా ఒకటి కాదు, పిల్లనిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలూ ఒకటి కావు. ఇంటిపేరు వినగానే అవతలివాడు ఏ నేలవాడో తెలుస్తుందంటే, మీ రాజ్యంలో రెండు పాత్రలు మొదటిసారి కలిసే ప్రతి దృశ్యంలోనూ మీకు తెలియకుండానే ఒక బిగువు వచ్చి చేరుతుంది.

పేరు ఎప్పుడు పెడతారు, దేన్నిబట్టి పెడతారు అన్నది తర్వాతిది. బారసాల మీకు తెలిసిందే. నక్షత్రాన్నిబట్టి మొదటి అక్షరం చూసే పద్ధతి ఒకటి ఉంది కదా. అశ్వినికి చూ, చే, చో, లా. ఇరవై ఏడు నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, నూట ఎనిమిది అక్షరాలు. పుట్టిన గడియకీ పేరు మొదటి అక్షరానికీ ముడి పెట్టడం అనే ఆలోచన మీకు పనికొస్తుంది, కానీ నక్షత్రాలు తీసుకోకండి. అది మనది అని తెలిసిపోతుంది. మీ వాళ్లు సముద్రం మొగలో బతికేవాళ్లు. వాళ్లకి గడియారం ఆటుపోటే. ఆటు వేళ పుట్టిన బిడ్డ పేరు హ్రస్వంతో, పోటు వేళ పుట్టిన బిడ్డ పేరు దీర్ఘంతో మొదలవుతుందని పెట్టుకోండి. మన లిపిలో హ్రస్వం, దీర్ఘం కంటికి కనబడతాయి కాబట్టి తెలుగులో రాసే నవలకి ఇది ప్రత్యేకంగా కుదురుతుంది. అమావాస్య, పున్నమి పోట్లు పెద్దవి కాబట్టి ఆ రోజు పుట్టినవాడి పేరులో మొదటి రెండక్షరాలూ దీర్ఘాలు. కవల పిల్లల్లో ఒకరు పోటు చివర, ఒకరు ఆటు మొదట పుడితే? ఒక పెద్ద కథే ఉంది అందులో. నెవెలో, నేవెలో అని మాత్రం పెట్టకండి, మూడో పేజీకి ఎవరు ఎవరో తెలియదు. హ్రస్వదీర్ఘాల తేడా నియమంగా ఉండాలి గానీ, ఇద్దరిని వేరు చేసే ఒకే ఒక్క గుర్తుగా ఉండకూడదు.

దేవతల పేర్లు పెట్టే తీరు కూడా గమనించండి. మన దగ్గర పేరు వినగానే ఏ గుడి నీడలో పుట్టారో ఊహించవచ్చు. మావుళ్లు అంటే భీమవరం మావుళ్లమ్మ గుర్తొస్తుంది, సత్యనారాయణ అంటే అన్నవరం, పళ్లాలమ్మ అంటే వానపల్లి, నరసింహమూర్తి అంటే అంతర్వేది. కనుమ రోజు జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభల మీద వచ్చే పదకొండు మంది రుద్రుల్లో చెన్నమల్లేశ్వరుడు అన్న పేరు ఒకటి కంటే ఎక్కువ ఊళ్లకి ఉంది. అందుకే ఊరి పేరు కలిపి చెప్తారు. కల్పిత రాజ్యాల్లో ప్రతి దేవుడికీ ఒక్కటే గుడి, ఒక్కటే పేరు ఉంటాయి. నిజంగా దేవుళ్లున్న చోట అలా ఉండదు. ఒకే పేరు మూడు ఊళ్లలో ఉంటుంది, మా ఊరి దేవుడు వేరు అని ప్రతి ఊరూ అంటుంది. మనుషుల విషయంలోనూ అంతే. మీ నవలలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరైనా ఉండాలి, వాళ్లని ఊరు ఎలా వేరు చేసి పిలుస్తుందో చూపించాలి. రేవు సత్తిబాబు, మెరక సత్తిబాబు అన్నట్టు. రచయితలు దీనికి భయపడతారు గానీ, లోకం నిజమనిపించేది ఇలాంటి చోట్లే.

కన్నవాళ్ల భయం కూడా పేర్లలో ఉంటుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డని ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించి పుల్లయ్య అని, పెంట మీద పెట్టి తీసి పెంటయ్య అని, ఎవరికో ఇచ్చినట్టు ఇచ్చి అడుక్కుని బిచ్చమ్మ అని పిలుచుకునేవారు. మృత్యువు కన్ను పడకుండా విలువ లేని పేరు. మన పాత తరంలో అంత కన్నీటితో పెట్టిన పేర్లు ఇంకెక్కడా లేవనిపిస్తుంది నాకు. మీ రాజ్యంలో కూడా ఇలాంటి పేరు ఒక్కటైనా ఉండాలి. సింహాసనం మీద కూర్చున్నవాడికే ఉంటే ఇంకా మంచిది. పట్టాభిషేకం నాడు పేరు మార్చుకోమని మంత్రులంటారు, తల్లి ఒప్పుకోదు.

పట్టపు పేర్ల సంగతికి వేంగీ చాళుక్యులకంటే మంచి నమూనా దొరకదు. వాళ్ల వంశంలో విజయాదిత్య, విష్ణువర్ధన అన్న బిరుదనామాలు ఒక రాజు తర్వాత ఒక రాజుకి మారి మారి వస్తుంటాయి. ఎవరు ఎవరో తెలియాలంటే గుణగ విజయాదిత్యుడు, కొల్లభిగండ విజయాదిత్యుడు, కలి విష్ణువర్ధనుడు అని పేరు ముందు ఇంకో మాట కావాలి. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడూ విష్ణువర్ధనుడే. ఆయన కొడుక్కి తల్లి తండ్రైన రాజేంద్ర చోళుడి పేరు పెట్టారు. ఆ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కాక కులోత్తుంగుడిగా చరిత్రకెక్కాడు. తాత పేరు, వంశం పేరు, గెలిచాక తీసుకున్న పేరు, మూడూ ఒకే మనిషివి. మీ రాణికి ఒక్క ఎల్మీరియా ఎందుకు సరిపోతుంది? పుట్టింట ఏమని పిలిచారు, పట్టం కట్టినప్పుడు ఏమని ప్రకటించారు, శత్రువులు ఏమంటారు, ఈ మూడు తేల్చండి. ఎవరు ఏ పేరు వాడితే వాళ్లు ఎటువైపో పాఠకుడికి తెలిసిపోతుంది.

పిలవకూడని పేరు గురించి చెప్పి తీరాలి. మన ఇళ్లలో మనవడికి తాతగారి పేరు పెడతారు. కోడలు మామగారి పేరు నోట పలకకూడదు. మరి కన్నకొడుకుని ఎలా పిలుస్తుంది? అందుకే బాబు, చిట్టిబాబు, పెదబాబు, బుల్లబ్బాయి, అబ్బులు. ఆడపిల్లకి అత్తగారి పేరు పెడితే అమ్మాజీ, బుల్లెమ్మ, చిట్టెమ్మ. రేషన్ కార్డు మీద ఒక పేరు, వీధిలో ఇంకో పేరు. చనిపోయాక గానీ అసలు పేరు ఊరికి తెలియనివాళ్లున్నారు. ఒక నిషేధం ఇన్ని ముద్దుపేర్లని పుట్టించింది. మీ భాషకి ఇలాంటి నిషేధం ఒక్కటి పెట్టండి, ముద్దుపేర్ల నియమం దానివల్ల పుట్టనివ్వండి. ఉదాహరణకి నదిలో పోయినవాడి పేరు ఏడాది పాటు ఎవరూ పలకకూడదు, ఆ పేరే ఉన్న బతికున్నవాళ్లందరికీ ఆ ఏడాది వేరే పేరు. ఒక మంచి పడవవాడు మునిగిపోతే ఊళ్లో సగం మంది పేర్లు మారిపోతాయి.

మీ విక్రాంతవర్మ సమస్య వేరు. ఆ పేరు చెడ్డదని కాదు, సంస్కృతం. తెలుగు పాఠకుడికి సంస్కృతం వినగానే పురాణం, చందమామ కథ, రాజదర్బారు వరసగా కళ్లముందు నిలబడతాయి. మీ రాజ్యంలో సంస్కృతం లేదు కదా. అయితే సంస్కృతం మన భాషలో చేసే పని చేసే భాష ఒకటి అక్కడా ఉండవచ్చు. గుడిలో, కోటలో మాట్లాడే పెద్ద భాష, ఎక్కడినుంచో వచ్చింది, ఒత్తులు, కఠినమైన జంట హల్లులు ఉన్నది. సేనాపతి పేరు ఆ భాషలో పెట్టండి, ఖెస్మిథ్ర అనుకుందాం. డెల్టా జనం నోట అది కెమ్మిత్తె అవుతుంది. ఖ కి ఊపిరి పోయి క, స్మ మ్మ అయింది, థ్ర త్త అయింది, చివర ఎ వచ్చింది. లక్ష్మి లచ్చి, సింహం సింగం, విష్ణువు వెన్నుడు అయిన దారే ఇది. కోటలో ఖెస్మిథ్ర, రేవులో కెమ్మిత్తె. ఏ పాత్ర ఏ రూపం పలికిందో చూస్తే వాడు ఎక్కడ పెరిగాడో తెలుస్తుంది. రాసేటప్పుడు ఈ అరుగుదల నియమాలు ఒక కాగితం మీద పెట్టుకుని అన్నిచోట్లా ఒకేలా పాటించండి. ఒకచోట థ్ర త్త అయి, ఇంకోచోట ద్ద అయితే పాఠకుడు పట్టుకోకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం అనుకుంటాడు.

పెద్ద భాష అన్నాక అధికారం గురించి మాట్లాడకుండా ఉండలేం. ఇంటిపేరు అడగడం మన దగ్గర చాలాసార్లు కులం అడగడమే. పాత రోజుల్లో ఒకరి పేరు చివర గారు, రాజు చేరితే, ఇంకొకరి పేరు కత్తిరించి గాడు చేశారు. పోలయ్య అని తల్లి పిలుచుకున్నవాడు కామందు నోట పోలిగాడు. వాళ్ల పిల్లలు, మనవలు కొత్త పేర్లు ఎంచుకున్నారు. రత్నం, కృప, సువార్త లాంటి పేర్లు కొత్త మతంతో వచ్చాయి. ఎవరూ కత్తిరించలేని పేరు కావాలన్న కోరిక అందులో ఉంది, అది గౌరవించదగ్గ కోరిక. 2022లో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చే విషయంలో అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరు ఎంత బరువైన వస్తువో మన జిల్లావాళ్లకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అందుకని మీ పడవ కుర్రాణ్ణి చూడండి. రాణికి నాలుగు, సేనాపతికి ఐదు అక్షరాలు ఇచ్చి, వాడికి కోరు అని రెండక్షరాలు, ఇంటిపేరు లేకుండా ఇచ్చారు. మీరు కావాలని చేయలేదు, చేతికి అలా వచ్చేసింది. వాడికి ఇంటిపేరు ఎందుకు లేదో మీ రాజ్యం సమాధానం చెప్పాలి. లాక్కున్నారా? లంక వరదలో కొట్టుకుపోతే ఊరి పేరు పెట్టుకోవడానికి ఊరే లేకుండా పోయిందా? అది తేల్చకుండా చిన్నవాళ్లకి చిన్న పేర్లు పెడితే, మనకి తెలిసిన అన్యాయాన్నే కల్పిత రాజ్యంలోకి మళ్లీ మోసుకెళ్లినట్టు అవుతుంది.

బయటివాళ్ల నోట పేర్లు ఎలా మారతాయో క్లుప్తంగా. నరసాపురం పక్క మాధవాయపాలెం ఇంగ్లీషు వర్తకుల నోట మడపోలం అయింది, అక్కడి నూలు బట్టకీ అదే పేరు స్థిరపడింది. కోరంగి రేవులో ఓడెక్కి బర్మా వెళ్లినవాళ్లని అక్కడ కోరంగీలు అన్నారు. వాళ్లు ఏ ఊరివాళ్లైనా సరే, పేరు మాత్రం రేవుదే. మీ వాళ్లని కూడా పై దేశంవాళ్లు ఏదో ఒక రేవు పేరుతోనే పిలుస్తుంటారు. ఆ రేవుకి రెండు రోజుల దూరంలో పుట్టినవాడికి అది ఎంత కోపం తెప్పిస్తుందో రాయండి.

ఇంకొకటి, పులస. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. చేప అదే, నీరు మారింది, పేరు మారింది, ధర సంగతి చెప్పక్కర్లేదు. మీ పాత్రలు సముద్రం మొగ నుంచి ఎగువ కోటకి ప్రయాణం చేస్తారని రాశారు. వాళ్లకి ఉప్పునీటి పేరు ఒకటి, మంచినీటి పేరు ఒకటి పెట్టుకునే ఆచారం ఉంటే మీ నవల నడకకే అది సరిపోతుంది. ఏ పాయ దగ్గర పేరు మారాలో పటంలో గీత గీసి ఉంచుకోండి.

మీ నలుగురికీ ఇప్పుడు నేనైతే ఇలా చేస్తాను. జైథ్రాక్స్‌ని పూర్తిగా వదిలేసి ఓవికెంద నేవెలో. పోటు వేళ పుట్టాడు కాబట్టి దీర్ఘం. విక్రాంతవర్మ కోటలో ఖెస్మిథ్ర, జనంలో కెమ్మిత్తె. రాణి పుట్టింట లోమురె, పట్టానికి పెద్ద భాషలో వేరే పేరు, అది మీరు కల్పించండి. ఆవిడ ఎగువ దేశం నుంచి వచ్చిందని రాశారు కదా, అయితే పుట్టింటి పేరు కూడా ఆ భాషలోనే ఉండాలి, అప్పుడు లోమురె అన్నది అత్తింటివాళ్లు మార్చి పెట్టిన పేరు అవుతుంది. ఈ రెండింట్లో ఏది మీ కథకి నప్పుతుందో మీకే తెలియాలి. కోరు మాత్రం కోరులాగే ఉండనివ్వండి. డెల్టా జనం పేర్లలో ఎ మీదా ఓ మీదా ముగియని ఒకే ఒక్క పేరు వాడిది. ఆచారం ప్రకారం ఎవరూ పెట్టని పేరు అని అందరికీ అనిపించాలి. పేరున్న పాత్రల మొదటి అక్షరాలన్నీ ఒక వరసలో రాసి చూసుకోవడం కూడా మరిచిపోకండి. న, ల, క తో మొదలయ్యేవి మూడు మించితే కొన్ని మార్చాలి.

పట్టిక విషయం. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎలా పలకాలో చెప్పడానికి పట్టిక ఇస్తారు. మన లిపిలో రాసినదే పలుకుతాం, ఆ అవసరం లేదు. అర్థాలు అస్సలు ఇవ్వకండి. కెంద అంటే లంకవారి అని పాఠకుడు తనంతట తాను కనిపెట్టిన క్షణాన్ని మీరు లాక్కోకూడదు. ఇవ్వదలిస్తే రెండే ఇవ్వండి. ఒకటి ఏడు పాయల పటం, ఊళ్ల పేర్లతో. రెండు, ఒకే మనిషికి ఉన్న వేర్వేరు పేర్ల జాబితా, పాత్రలు పన్నెండు దాటితేనే. పటం ముందుపేజీల్లో ఉండాలి, జాబితా చివర్లో. పటం గీసేటప్పుడు ఓవికేనని మొగకి దగ్గరగా, పోటు నీళ్లు తగిలే చోట పెట్టండి, లేకపోతే నేవెలో పేరులో ఆ దీర్ఘానికి ఆధారం ఉండదు.